మడ అడవిలో మూడు రోజులు

"మీ పెద్దమ్మాయి ఏం చదువుతోందండీ?" అని ఎవరైనా అడిగితే మొన్నమొన్నటి దాకా నాకు సరిగ్గా చెప్పడం వచ్చేది కాదు. "ఎమ్మెస్సీ అండీ" అని ఊరుకునేదాన్ని. "ఎందులో?" అని వాళ్ళు వదలకపోతే "ఎన్విరాన్‌మెంటల్ సైన్స్" అని మెల్లిగా అనేదాన్ని. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళ మొహంలో కాస్త జాలి కనబడేది. మా ఎదురింటి వదినగారైతే "మొక్కలు నాటడానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా?" అనేశారు. ఆవిడ మంచావిడే. నాకే జవాబు తెలియక నవ్వేసి ఊరుకున్నాను.

ఇప్పుడైతే తెలుసు. ఎందుకంటే మొన్న చొల్లంగి అమావాస్య వెళ్ళిన మర్నాటి నుంచి మూడు రోజులు కోరంగి మడ అడవిలో మోకాలి లోతు బురదలో దానితో పాటు నేనూ దిగాను. నడుం నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు.

అసలు నేను వెళ్ళాల్సిన పని కాదది. కార్తీకమాసంలో ఓ రాత్రి పదకొండు గంటలకి ఫోన్ చేసి, "అమ్మా, నేను మానేస్తానే. ఇంటికొచ్చేస్తాను" అంది. గుండె ఆగినంత పనైంది. ఆడపిల్ల హాస్టల్లోంచి అర్ధరాత్రి అలా అంటే తల్లికి ఏమేం తోస్తాయో మీకు చెప్పక్కర్లేదు కదా. బుజ్జగించి అడిగితే అప్పుడు చెప్పింది. రెండేళ్ళ చదువులో ఆఖరి ఆరు నెలలూ సొంతంగా ఒక ప్రాజెక్టు చెయ్యాలిట. ఇది కోరంగిలో మట్టి తీసుకుంది. 16 చోట్ల, చోటికి మూడు పొరలు, మొత్తం 48 కవర్లు. ప్రతి కవర్లోనూ ఎక్కడి మట్టో, ఏ పొరో కాగితం ముక్క మీద జెల్ పెన్నుతో రాసి పడేసింది. నాలుగు రోజుల తరవాత లాబ్‌లో విప్పి చూస్తే తడికి ఇంకంతా కరిగిపోయి ఒక్క అక్షరం మిగల్లేదు. 48 కవర్ల మట్టీ ఉంది గానీ ఏది ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. వారం రోజులు ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టుకుని ఏడ్చిందిట.

తప్పు దానిదే. ఎవరినీ అనడానికి లేదు. వాళ్ళ మేడం గారు కోప్పడకుండా "మళ్ళీ తెచ్చుకో, లేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి" అన్నారుట. మొదటిసారి తోడొచ్చిన స్నేహితురాలికి తన ప్రాజెక్టు తనకుంది. అడవిలోకి ఒంటరిగా వెళ్ళకూడదు. ఫారెస్టు వాళ్ళిచ్చిన అనుమతి కాగితం గడువు చూస్తే దగ్గర పడుతోంది.

మా వారు "మానేసి బ్యాంకు పరీక్షల కోచింగులో చేరమను, ఆ బురద చదువు ఎవడిక్కావాలి" అన్నారు. ఆయన్నీ తప్పుపట్టలేం. ఖర్చు ఆయనది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా పుట్టిల్లు కోనసీమలో అమలాపురం దగ్గర. 1996లో నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. డిగ్రీలో బోటనీ తీసుకోవాలని నా కోరిక. ఆ నవంబరు 6న తుఫాను వచ్చింది. రాత్రి గాలి అరుస్తుంటే అందరం మా నాయనమ్మ గదిలో మంచాల కింద దూరాం. తెల్లారి బయటికొస్తే మా నాన్న కొబ్బరితోటలో నిలబడిన చెట్టు ఒకటీ అరా. మిగతావన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడున్నాయి, ఎవరో జడ దువ్వినట్టు. కొబ్బరిమొక్క నాటి కాపు చూడాలంటే ఆరేడేళ్ళు. నాన్న ఇంటర్ పూర్తి కానిచ్చారు. ఆ పైన ఆయన నన్ను చదివించనూ లేదు, నేను అడగనూ లేదు. 1999లో పెళ్ళి చేసి భీమవరం పక్క పల్లెకి పంపారు. అక్కడితో నా బోటనీ అయిపోయింది.

పొద్దున్నే లేచి "నేను తోడెళతాను" అన్నాను. మా వారు పేపర్లోంచి తలెత్తి చూసి, "నువ్వా?" అన్నారు. అంతే.

కాకినాడలో మా పెద్దమ్మ కూతురు ఉంటుంది. అక్కడ దిగాం. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద దగ్గర దగ్గర 18 కిలోమీటర్లు వెళ్తే కోరంగి. దారిలో చొల్లంగి. ముందురోజు అమావాస్య స్నానాలకి వచ్చిన జనం ఇంకా ఉన్నారు, దుకాణాల పందిళ్ళు ఇంకా విప్పలేదు. సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు ఇక్కడే మొదటి మునక వేస్తారు. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ముంచింది గుర్తొచ్చి, బస్సులోంచే దణ్ణం పెట్టుకున్నాను. "అమావాస్య మర్నాడే ఎందుకు పెట్టుకున్నావే?" అంటే "అప్పుడు పోటూ పాటూ పెద్దగా ఉంటాయమ్మా, నీళ్ళు బాగా వెనక్కి తీస్తే బురదలోకి దిగొచ్చు" అంది. దాని దగ్గర పోటుపాట్ల సమయాలు అచ్చువేసిన పట్టిక ఉంది. పడవాయన దగ్గర ఏ పట్టికా లేదు. "ఇవాళ పాడ్యమి కదమ్మా, నిన్నటికంటే ముప్పావుగంట ఆలస్యంగా తీస్తాది" అన్నాడు వేళ్ళు లెక్కపెట్టుకుని. పట్టిక చూస్తే ఇంచుమించు అంతే! అష్టమి, నవములకి పోటు నీరసంగా ఉంటుందిట. ఇన్నేళ్ళూ పంచాంగం చూసి పచ్చళ్ళు పెట్టుకోవడమే గానీ సముద్రం కూడా తిథులు పాటిస్తుందని నాకెప్పుడూ తట్టలేదు.

మామూలుగా చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి అక్కడ చెక్కల వంతెన ఉంది. అడవి మధ్యలోంచి చెప్పులకి బురద అంటకుండా నడిచి రావచ్చు, పడవ మీద తిప్పుతారు కూడా. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి చాలా బాగుంటుంది, తప్పకుండా వెళ్ళండి. 1978 నుంచి ఇది అభయారణ్యం. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, చేపలు పట్టుకు తినే బావురుపిల్లులు ఉన్నాయి. పిల్లి జాతి జంతువు నీళ్ళలో దూకి చేపలు పడుతుందంటే ఆశ్చర్యమే కదా. మాకు అది కనబడలేదు గానీ బురదలో దాని అడుగులు పడవాయన చూపించాడు. అవతల సముద్రం వైపు పొడుగ్గా ఇసుకతిన్నె ఒకటి ఉంది, హోప్ ఐలాండ్ అంటారు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడిందిట. చలికాలం వెళ్ళేటప్పటికి సముద్రపు తాబేళ్ళు అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి.

కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఇక్కడ ఓడలెక్కి బర్మా వెళ్ళిన మన తెలుగువాళ్ళని అక్కడ కొరంగీలనే పిలిచేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకో ఉప్పెన వచ్చి ఊరినీ రేవునీ తుడిచిపెట్టేశాయి. "సైక్లోన్" అని ఇంగ్లీషువాళ్ళు అంటారే, ఆ మాట పుట్టింది కూడా కోరంగి తుఫాను గురించి రాస్తూనేట. హెన్రీ పిడింగ్టన్ అని కలకత్తాలో ఉండే ఒకాయన 1840లలో పెట్టాడుట ఆ పేరు. మా అమ్మాయి ఇవన్నీ పడవలో కూర్చుని చెబుతుంటే నేను మా కొబ్బరిచెట్లనే తలుచుకున్నాను.

మేం వెళ్ళింది చెక్కవంతెన వైపు కాదు. పడవ సన్నకాలవల్లోకి మళ్ళింది. రెండు వైపులా కొమ్మలు తలకి తగిలేంత దగ్గర. ఉదయం నిండుగా ఉన్న కాలవ ఎండెక్కేకొద్దీ కిందికి దిగిపోతూ వేళ్ళు బయటపెట్టింది. ఆ వేళ్ళు చూడాలి మీరు! మనకి తెలిసిన చెట్లకి వేళ్ళు కిందికి పోతాయా, ఇక్కడ మడచెట్టు చుట్టూ నేలలోంచి పైకి పొడుచుకొచ్చి, వేలెడు వేలెడు పొడుగున, పెన్సిళ్ళు గుచ్చినట్టు వందలకొద్దీ ఉన్నాయి. బురదలో గాలి ఆడదు గనక చెట్టు వేళ్ళని పైకి పంపించి ఊపిరి పీల్చుకుంటుందిట. ఇంటర్లో శ్వాసవేళ్ళు అని బొమ్మ వేసి పది మార్కులకి రాసిన సంగతే ఇది. ఇరవై ఎనిమిదేళ్ళకి కళ్ళారా చూశాను.

"ఆకు నాకి చూడమ్మా" అంది. నాకితే ఉప్పు! ఉప్పునీళ్ళు తాగి ఆ ఉప్పుని ఆకుల మీదకి కక్కేస్తుంది మడ. ఉప్పుపొన్న ఇంకా చిత్రం. దాని గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, బాగా ఎదిగాకే కింద పడుతుంది. వేవిళ్ళ దగ్గర్నుంచి నడక వచ్చేదాకా పుట్టింట్లోనే అన్నమాట. తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోవద్దని పడవాయన గట్టిగా చెప్పాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. ఎర్రబడిన ఆకులతో ఎంత అందంగా ఉంటుందో మరి.

ఇక మా పని. ఒక పీవీసీ గొట్టం బురదలో నిలువునా దించి, పైమూత బిగించి, గాలి దూరకుండా మెల్లిగా పైకి లాగితే బురద గొట్టంలో స్తంభంలా వస్తుంది. దాన్ని కర్రతో నెట్టి బయటికి తీసి స్కేలు పెట్టి పది సెంటీమీటర్లకొక ముక్క కోస్తుంది. పైముక్క, నడిమిముక్క, అడుగుముక్క. అచ్చం కోవా బిళ్ళలు కోసినట్టు. వాసన మాత్రం కోవా కాదు, కుళ్ళిన కోడిగుడ్డు. మొదటిసారి కడుపులో తిప్పింది, రెండో రోజుకి అలవాటైంది. పేడ పిసికి పిడకలు కొట్టిన చేతులకి బురద ఒక లెక్కా!

కవర్ల దగ్గరికొచ్చేసరికి నేను పగ్గాలు తీసుకున్నాను. మా చిన్నప్పుడు చాకలి జీడిగింజ రసంతో బట్టల మీద గుర్తు పెట్టేది. ఎన్ని ఉతుకులు ఉతికినా, బట్ట చిరుగుతుందేగానీ గుర్తు పోదు. జీడిరసం ఇప్పుడెక్కడ తేను? కానీ పెన్సిల్ రాత తడికి చెరగదని మాత్రం తెలుసు. ఆవకాయ జాడీలకి కట్టే చీటీలు నేను ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాస్తాను, నూనె అంటినా కనబడుతుంది. దళసరి అట్టముక్కలు ఇంట్లోనే కత్తిరించి తెచ్చాను. ప్రతి మట్టికీ రెండు చీటీలు. ఒకటి చిన్న కవర్లో పెట్టి లోపల, ఇంకోటి దారంతో కట్టి బయట. ఇవిగాక నోటుపుస్తకంలో వరసగా. మా అమ్మాయి "మా మేడం కూడా పెన్సిలే అన్నారమ్మా, నేనే వినలేదు" అని ఒప్పుకుంది.

ఇక్కడో మాట చెప్పాలి, ఆడవాళ్ళం గనక. పొద్దున ఎనిమిదికి పడవెక్కితే సాయంత్రం దాకా దిగేది లేదు. మరి ఆ అవసరానికి ఎలా? ఈ పిల్లలు దానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు. మొదటిసారి వచ్చి వెళ్ళాక జ్వరం వచ్చిందని చెప్పిందే గానీ ఇదని చెప్పలేదు. నేను పాత దుప్పటి ఒకటి, నాలుగు కర్రలు పడవలో వేయించాను. గట్టినేల ఉన్నచోట దిగి చాటు కట్టుకున్నాం. పడవాయన ఏమీ అడక్కుండా తనే పడవని వంపు అవతలికి తీసుకెళ్ళేవాడు. మజ్జిగ రెండు సీసాలు, ఉప్పూ నిమ్మరసం వేసి, అది తాగేదాకా ఊరుకోలేదు. మీ పిల్లలు ఇలాంటి పనుల మీద వెళ్తుంటే ముందు ఇది అడగండి.

తిండికి పులిహోర, దద్దోజనం. పడవాయనకి కూడా కలిపే కట్టించాను. తింటూ ఆయన చెప్పాడు, "తుఫానొచ్చినప్పుడు మడ ఎనక ఉన్న ఇల్లు కాత్త నిలబడతాదమ్మా. ముందున్నదాన్ని దేవుడే చూడాల." 1996లో ఆయన వాళ్ళ అన్నగారు వేటకి వెళ్ళి తిరిగి రాలేదుట. నేను మా కొబ్బరితోట సంగతి చెబుదామనుకుని నోరు మూసుకున్నాను. మాకు పోయినవి చెట్లు.

రెండో రోజు చూసింది పోయిన అడవిని మళ్ళీ తెచ్చిన చోటు. కాలవ పూడిపోయి పోటునీళ్ళు లోపలికి రాకపోతే నేల ఎండి ఉప్పు పేరుకుని మడ చచ్చిపోతుంది. అలాంటి చోట ఒక పెద్దకాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలవలు తవ్వుతారు. పైనించి చూస్తే చేపముల్లులా ఉంటుంది. పోటుకి నీళ్ళొస్తాయి, పాటుకి వెళ్ళిపోతాయి, ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మొక్క నాటితే బతుకుతుంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, ఫారెస్టు వాళ్ళు, ఊళ్ళో వాళ్ళు కలిసి ఈ గోదావరి, కృష్ణా మడల్లో ఇలా చేశారు. ఆ కాలవల పక్క ఇప్పుడు నాకంటే ఎత్తు చెట్లున్నాయి. మా అమ్మాయి ప్రాజెక్టు ఇదే. పాత అడవి మట్టిలో కర్బనం ఎంత, కొత్తగా నాటిన అడవి మట్టిలో ఎంత, బోడినేలలో ఎంత అని పోల్చడం. ఆకులూ వేళ్ళూ ఆ బురదలో గాలాడక సరిగ్గా కుళ్ళవు. అందుకని చెట్టు గాల్లోంచి లాక్కున్న కర్బనం వందల ఏళ్ళు అడుగునే ఉండిపోతుంది. మెట్ట అడవి కంటే ఎకరానికి ఎన్నో రెట్లు ఇక్కడే దాగుంటుందిట. చెట్టు కొట్టి చెరువు తవ్వితే అదంతా మళ్ళీ గాల్లోకే.

చెరువు అనగానే నేను దాని మొహం చూడలేదు. మాకున్న రెండెకరాలూ రొయ్యల చెరువుకి లీజుకిచ్చాం. మాది మడ కాదు, వరిచేను. అయినా చెరువులొచ్చాక మా వీధి బోరు నీళ్ళు ఉప్పగా మారాయి, టీ విరిగిపోతుంది. ఇంతకీ దాని హాస్టలు ఫీజు కడుతున్నది ఆ లీజు డబ్బుతోనే. అది నోరు తెరిచి ఏమీ అనలేదు. నేనే "తెలుసులేవే" అన్నాను. "నేనేం అన్నానమ్మా?" అంది.

మూడో రోజు సాయంత్రం పడవ బురదలో కూరుకుపోయి రెండున్నర గంటలు కదల్లేదు. ఆఖరి చోట పని ముగించకుండా రానని ఇది పట్టుబట్టడం వల్లే. దోమలు! పడవాయన బీడీ ముట్టించి, "నీరొత్తాది, కూకోండి" అన్నాడు. చీకటి పడ్డాక చప్పుడు లేకుండా పడవ కింద నీళ్ళు నిండాయి. అప్పుడు అడిగాను, "ఇది చదివి ఏం ఉద్యోగం చేస్తావే?" అని. కాలుష్య నియంత్రణ మండలిలో పోస్టులు పడతాయిట. కొత్తగా ఫ్యాక్టరీ, రోడ్డు కట్టే ముందు పర్యావరణం మీద ప్రభావం ఎంత అని నివేదికలు రాసే సంస్థలు తీసుకుంటాయిట. నెట్ రాసి లెక్చరర్ కావచ్చు, ఫారెస్టు సర్వీసు పరీక్షకి కూర్చోవచ్చు. "బ్యాంకు ఉద్యోగం అంత తొందరగా రాదమ్మా, జీతం కూడా మొదట్లో తక్కువే" అని కూడా చెప్పింది. దాచకుండా చెప్పినందుకు నాకు నచ్చింది. బీఎస్సీ సైన్సు చదివిన ఎవరైనా ఎంట్రన్సు రాసి ఈ కోర్సులో చేరవచ్చుట, మీ పిల్లలకి ఇష్టముంటే తెలిసుంటుందని రాస్తున్నాను.

మర్నాడు మా అక్క వాళ్ళ వరండాలో పాత పేపర్లు పరిచి 48 మట్టిముద్దలూ ఆరబెట్టాం. ఎండలో కాదు, నీడలోనే ఆరాలిట. దేని పక్కన దాని చీటీ, మీద చిన్న రాయి. మా బావగారు చూసి "వడియాలా?" అన్నారు. ఆరాక దంచి జల్లించే పని కూడా నేనే చేశాను. జల్లెడ మాత్రం వాళ్ళ లాబ్‌దే. ఆ తరవాతిది దాని పని. ఏదో మందు కలిపిన మట్టినీళ్ళలోకి గొట్టంలోంచి చుక్క చుక్క పోస్తుంటే నేరేడుపండు రంగు ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారుతుందిట, ఎన్ని చుక్కలకి మారిందో చూసి కర్బనం లెక్క కడతారు. 48 అయ్యేసరికి మూడు వారాలు పట్టింది. కొత్త అడవి పాత అడవిని ఇంకా అందుకోలేదుట, కానీ బోడినేల కంటే చాలా పైనుందిట. ఫోన్లో అది చెబుతుంటే, ఎప్పుడో టెన్త్ మార్కులు చెప్పినప్పటి గొంతు.

అన్నట్టు 49వ కవరు ఒకటుంది. కాకినాడ నుంచి ఇంటికొచ్చి రెండు రోజులుండి వెళ్తూ, మా చెరువు గట్టు దిగువన, పక్కవాళ్ళ వరిచేను అంచున మట్టి తీసుకుంది. గొట్టం పట్టుకుంది మా వారు. లుంగీ మడిచి దిగి, "ఇంకా లోతుకా?" అని అడుగుతూ. చీటీ మీద పెన్సిల్‌తో 49 అని నేనే రాశాను. అందులో ఉప్పెంతో చూసి చెబుతానంది.

లీజు ఈ ఉగాదితో అయిపోతుంది. మొన్న చెరువు ఆసామి కాగితాలు పట్టుకొస్తే మా వారు కాఫీ ఇప్పించి, "మా అమ్మాయి మట్టి పట్టికెళ్ళిందండీ, ఆ సంగతేదో తేలనివ్వండి" అని పంపించేశారు.